పేరు పిలవని బడి

నాకు ముక్కు మీద కోపం. లింగాల ఘనపూర్ దగ్గరి మా ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. "నీ నోటికి పంతులమ్మ పనే మంచిగుంటది బిడ్డా, పిల్లగాండ్లయితే ఎదురు మాట్లాడరు" అని మా నాయిన ఆటపట్టించేవాడు. టీచర్ ట్రైనింగ్ అయిపోయి ఇంట్లో ఖాళీగా కూర్చున్న రోజుల్లో నాకు నిజంగానే ఆ పని దొరికింది. కాకపోతే బడి మా జనగామ చుట్టుపక్కల కాదు, భూపాలపల్లి అవతల అడవిలో. పిల్లలు ఎదురు మాట్లాడడం అటుంచి, అసలు మాట్లాడేవాళ్ళే కాదు.

అది గొత్తికోయల గుంపు. గోదావరికి అవతల, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో, రెండు వైపుల తుపాకుల నడుమ బతకలేక పిల్లల్ని చంకనేసుకొని ఇటు వచ్చేసిన ఆదివాసులను ఇక్కడ అట్లా పిలుస్తారు. కట్టెలు పాతి, మట్టి మెత్తి, పైన గడ్డి కప్పుకున్న గుడిసెలు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరుకోవడం, పంటల కాలంలో దగ్గరి ఊళ్ళల్లో మిరపకాయ తెంపే కూలికి పోవడం, ఇదీ వాళ్ళ బతుకు. భూపాలపల్లిలో బస్సెక్కి రోడ్డు మీది ఊళ్ళో దిగి, అక్కడి నుంచి వాగు దాటి నడవాలి. ఆ రోడ్డు మీది ఊళ్ళోనే ఒక గది తీసుకున్నాను. బడి అంటే నాలుగు గుంజలు, తాటాకుల కప్పు, నడుమెత్తు మట్టిగోడ. నల్లబల్ల మాత్రం కొత్తది.

మొదటి రోజు పిల్లలంతా వచ్చారు. మురిసిపోయాను. హాజరు పుస్తకం తెరిచి, గొంతు సవరించుకొని ఒక పేరు పిలిచాను. ఎవరూ పలకలేదు. ఇంకో పేరు పిలిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నా సంగతి చెప్పాను కదా, గొంతు పెంచాను. అట్లా పిలుస్తూ పోయి తల ఎత్తి చూసేసరికి పాకలో నరపురుగు లేదు. మట్టిగోడ దూకి అందరూ చెట్లలోకి మాయమయ్యారు. మొదలైన రోజే బడి మొత్తం పారిపోయిన ఘనత ఈ జిల్లాలో నాదొక్కదానిదే అయి ఉంటుంది.

కోపంతో ఊగిపోతూ కూర్చున్నాను. కాసేపటికి ఒక చెట్టు వెనక నుంచి ఒక చిన్న తల బయటికి వచ్చింది. తొమ్మిది, పదేళ్ళ ఆడపిల్ల. తల్లి వెంట మిర్చి చేన్లకు పోయీ పోయీ నాలుగు తెలుగు ముక్కలు పట్టుకున్న పిల్ల అని తర్వాత తెలిసింది.

"పేరు పిలువద్దు" అంది.

"ఎందుకే? పేరున్నది పిలువనీకి కాదా?"

"పిలిస్తే పలుకద్దు. అవ్వ చెప్పింది."

"మీ అవ్వను రమ్మను, నేను మాట్లాడుత" అన్నాను. అవ్వ అంటే మా దిక్కు తల్లే. ఆమె రాలేదు. నేనే వాళ్ళ గుడిసెకు పోయాను.

పొట్టి మనిషి. నుదుటి మీద, గడ్డం మీద పచ్చబొట్లు. వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తూ ఉంది. తెలుగు రాదు. ఆమె చెప్పింది ఆ పిల్ల నాకు తెలుగులో చెప్పింది, పుల్లతో నేల మీద గీతలు గీస్తూ, ఎవరి కథో చెప్తున్నట్టు.

"మా ఊరికి కాయితం పట్టుకొని వచ్చేటోళ్ళు. అందర్ని కూసోబెట్టి పేర్లు పిలిచేటోళ్ళు. పలికినోళ్ళను తీస్కపోయేటోళ్ళు. బాపును పిలిచిన్రు. బాపు పలికిండు."

"వచ్చినోళ్ళు ఎవరు?"

తల్లిని అడిగి చెప్పింది. "ఒకసారి ఈళ్ళు, ఒకసారి ఆళ్ళు. కాయితం ఇద్దరి దగ్గర ఉంటదట."

"మీ నాయిన మల్ల రాలేదా?"

ఈ మాట తల్లిని అడగలేదు. తనే తల అడ్డంగా ఊపింది.

నా కోపం ఎటు పోయిందో తెలియదు. ఆ పిల్లల్లో చాలామంది ఇక్కడ పుట్టినవాళ్ళే. ఆ ఊరు చూడలేదు, ఆ కాగితం చూడలేదు. అయినా మన ఇళ్ళల్లో పొద్దుగూకితే ఎక్కాలు అప్పజెప్పించినట్టు, ఆ గుడిసెల్లో తల్లులు పిల్లలకు దాక్కోవడం నేర్పేవాళ్ళు. తల్లి గొంతు మార్చి పేరు పిలుస్తుంది. పిల్ల చప్పుడు లేకుండా మాయం కావాలి. కదిలితే, నవ్వితే, తుమ్మితే మళ్ళీ మొదటి నుంచి. బాగా దాక్కున్న పిల్లకు కాల్చిన గడ్డ ఒకటి ఎక్కువ దొరికేది. ఈ పిల్లకు రోజూ ఎక్కువే దొరికేదట.

మరునాటి నుంచి నేను పేర్లు పిలవడం మానేశాను. గుమ్మం దగ్గర ఒక పాత చేట పెట్టాను. ఒక్కో పిల్లకు, పిల్లవాడికి ఒక్కో గుర్తు. ఒకరిది నత్తగుల్ల, ఒకరిది చింతగింజ, ఒకరిది పగిలిన గాజు ముక్క, ఇంకొకరిది సీసా మూత. వచ్చేటప్పుడు చేటలో వేయాలి, పోయేటప్పుడు తీసుకోవాలి. చేట చూసి నేను హాజరు వేసుకునేదాన్ని. తనిఖీకి వచ్చిన ఒక సారు అది చూసి "ఏందమ్మా ఇది, గవ్వలాటనా?" అని నవ్వాడు. "అవును సార్, మీరు కూడ ఒకటి ఏసి కూసోండ్రి" అన్నాను. ఆయన మళ్ళీ రాలేదు.

చదువు అట్లా మొదలైంది. ఆ పిల్ల అందరికంటే ముందు అక్షరాలు పట్టేసింది. పుస్తకంలో "ఎక్కడికి వెళ్తున్నావు" అని ఉంటే వేలు పెట్టుకొని "యాడికి పోతున్నవ్" అని చదివేది. నేను దిద్దలేదు. సినిమాల్లో మా మాటను ఏళ్ళ తరబడి వెక్కిరించినవాళ్ళ మీది కసి అట్లా కొంత తీర్చుకున్నాను. రెండేళ్ళు తిరిగేసరికి గుంపు మొత్తానికి ఆ పిల్లే కళ్ళయింది. దవాఖాన మందు మీద రాసింది చదివేది, బస్సు బోర్డు చదివేది, అంగడిలో తూకం చూసి గద్దించేది. ఆ గద్దింపు నా దగ్గర నేర్చుకున్నదే. తల్లి పక్కన నిలబడి చూసేది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

మా బడిలో ఐదో తరగతి వరకే ఉంది. ఆ తర్వాత పిల్లలు మిర్చి చేన్లకు పోవాల్సిందే. నాకు మనసొప్పలేదు. కాలికి బలపం కట్టుకొని తిరిగి, మహబూబాబాద్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో సీటు సంపాదించాను. ఇక తల్లి ఒప్పుకోవాలి. వాళ్ళ వాకిట్లో కూర్చుని చెప్పాను. పదో తరగతి అన్నాను, ఉద్యోగం అన్నాను, నర్సు అన్నాను. అవేవీ ఆమెకు పట్టలేదు. చివరికి కూతురితో ఏదో అంది.

"సదివితే, ఎవలన్న కాయితం తెస్తే అండ్ల ఏమున్నదో ముందుగాల మనకే తెలుస్తది గదా అంటున్నది" అని చెప్పింది పిల్ల.

"తెలుస్తది" అన్నాను.

"అయితే పొమ్మంటున్నది. కని ఆడ గూడ నా పేరు పిలువద్దంటున్నది."

హాస్టల్ వార్డెన్ దేవరుప్పుల దిక్కు మనిషి. మాటల పుట్ట, మనసు వెన్న. సంగతంతా చెప్తే కొంగుతో కళ్ళు ఒత్తుకొని, "నాకేంది చెల్లె, చెయ్యి లేపితే సాలు. ఈ పిల్లను పేరు పెట్టి పిలిస్తే నన్నడుగు" అంది. అన్నమాట నిలబెట్టుకుంది. అందరి పేర్లూ పిలిచేది, ఈ పిల్ల దగ్గరికి రాగానే కళ్ళతో వెతికి తల ఊపేది. మొదటిసారి తల్లిని నేనే వెంటబెట్టుకొని చూపించడానికి తీసుకొచ్చాను. హన్మకొండలో బస్సు మారాలని, మానుకోట అని అడగాలని ఆమెకు కూతురు పదేపదే నేర్పింది. మహబూబాబాద్‌ను ఇక్కడ అందరూ మానుకోట అనే అంటారు. హాస్టల్ వెనక నుంచి రైలు పోతుంటే ఆ తల్లి కూతురి భుజం గట్టిగా పట్టుకుంది. కూతురు మాత్రం పట్నం దానిలా నవ్వింది.

పిల్ల అక్కడ బాగా కలిసిపోయింది. తండాల నుంచి వచ్చిన లంబాడా పిల్లలు దాని మంచానికి అటూ ఇటూ. వాళ్ళ మాట కూడా నేర్చేసింది. ఫోన్లో నాతో మాట్లాడితే వెనక నుంచి ముగ్గురు నలుగురు అరుస్తూ ఉండేవాళ్ళు. ఇంతలో నా పని అయిపోయింది. అడవి బడికి ఆ ఏడు నన్ను మళ్ళీ తీసుకోలేదు. జనగామలో ఒక ప్రైవేటు బడిలో చేరాను. గుంపులో ఫోన్ ఉన్నవాళ్ళు ఎవరూ లేరు. తల్లికీ నాకూ మధ్య ఉన్న దారి అక్కడితో తెగిపోయింది.

ఆ తర్వాతి చలికాలం సంగతి నేను కళ్ళతో చూడలేదు. వార్డెన్, ఆ పిల్ల చెప్పగా తెలిసింది.

ఫారెస్టువాళ్ళు గుంపును ఆ చోటు ఖాళీ చేయమన్నారు. ఇటు ఉండనివ్వకపోతే నది దాటి పాత ఊరి దిక్కే పోదామని గుంపు అనుకుంది. మిగతావాళ్ళు గుడిసెలు విప్పుకుంటుంటే, ఈ తల్లి ఒక్కతే కూతుర్ని తీసుకుపోవడానికి బయలుదేరింది. తెలుగు రాని మనిషి, హన్మకొండలో బస్సు మారి, మానుకోట మానుకోట అని అడుక్కుంటూ హాస్టల్ గేటు దాకా వచ్చింది. అది ఆదివారం. వార్డెన్ తన అన్న బిడ్డ పెళ్ళికి పోయింది. గేటు దగ్గర కొత్తగా వచ్చిన కాపలా మనిషి ఉన్నాడు. చెడ్డవాడేమీ కాదు. ఆమెను నీడలో కూర్చోబెట్టాడు, తాగడానికి నీళ్ళిచ్చాడు. ఆమె మెల్లగా చెప్పిన పేరు విని, తల్లిదండ్రులు వచ్చినప్పుడు అక్కడ ఎప్పుడూ చేసేటట్టే, ఆడపిల్లల పేర్లున్న కాగితం పట్టుకొని వరండాలోకి పోయి, ఆ పిల్ల పేరు గట్టిగా పిలిచాడు.

మగ గొంతు. చేతిలో కాగితం.

పిల్ల అప్పుడు బట్టలు ఆరేస్తూ ఉందట. తడి బట్ట చేతిలోంచి ఎప్పుడు జారిందో కూడా తెలియదంది. వంటగది పక్కన బియ్యం బస్తాలు పెట్టే గదిలోకి పోయి, బస్తాల వెనక ఒదిగిపోయింది. కాపలా మనిషి ఇంకా గట్టిగా పిలిచాడు. పలకకపోయేసరికి పిల్లలందరూ సాయం వచ్చారు. వరండా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అందరూ ఆ పేరే పట్టుకొని అరుచుకుంటూ పరుగెత్తారు.

నేను తర్వాత ఆ పిల్లను అడిగాను. "మీ అవ్వ వచ్చిందని ఎవ్వరు చెప్పలేదా బిడ్డా?"

"చెప్పిన్రు టీచర్. మీ అవ్వ వచ్చింది, జల్ది రా అన్నరు."

"మరి?"

"అట్లనే అంటరని అవ్వ ముందుగాలనే చెప్పింది. ఆ ఊళ్ళె గట్లనే అని బయటికి పిలిచేటోళ్ళట. అవ్వనే వచ్చి చెయ్యి పట్టుకుంటేనే లెవ్వాలె, అప్పటిదాంక ఎవలేం చెప్పినా లెవ్వద్దన్నది."

"మీ అవ్వ పిలిస్తే ఇనబడలేదా?"

"అవ్వ ఎన్నడు గట్టిగ పిలువది."

బయటి మనుషుల్ని లోపలికి రానీయొద్దని కాపలా మనిషికి గట్టిగా చెప్పి ఉన్నారు. ఆడపిల్లల హాస్టల్ కదా. ఆయన ఆ మాట తప్పలేదు. తల్లి గేటు దగ్గరే కూర్చుని, ఆ పేరు అన్ని గొంతుల్లో వినపడడం విన్నది. తర్వాత గొంతులు ఒక్కొక్కటే ఆగిపోవడం విన్నది. కాపలా మనిషి వచ్చి, పాపం ఆయనకూ ఏం తోచక, రెండు చేతులూ తిప్పి "లేదమ్మా, లేదు" అన్నాడట. ఆ తెలుగు మాట ఆమెకు వచ్చు. పొద్దు వాలేదాకా అక్కడే కూర్చుని, తెచ్చిన మూట గేటు పక్కన పెట్టి, వచ్చిన దారినే పోయింది.

తన కూతురికి ఆమె ఏం నేర్పిందో, ఆ కూతురు దాన్ని ఎంత బాగా నేర్చుకుందో నాకు తెలుసు. దాక్కుని ఉంటుందిలే అని ఆ తల్లి కూడా కాసేపు అనుకునే ఉంటుంది. అందుకే అంతసేపు కూర్చుంది. కానీ పేరు పిలవడం, మనిషి లేదనడం, ఈ రెండూ ఒకదాని వెంట ఒకటి ఆమె బతుకులో ఇంతకుముందు జరిగాయి. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి నేను? కోపానికి పుట్టినిల్లు లాంటి దాన్ని, నాకే ఒక్క మనిషి దొరకలేదు.

చీకటి పడే వేళకు వంటామె బియ్యానికి వెళ్తే పిల్ల కనబడింది. గేటు దగ్గరి మూట తెచ్చి చేతికిచ్చారు. విప్పగానే ఇప్పపువ్వు వాసన. అప్పుడు లేచి గేటు దాకా ఉరికిందట, చెప్పుల్లేకుండా రోడ్డు మీదికి, బస్టాండు దిక్కు. తోటి పిల్లలు పట్టుకొచ్చారు.

వార్డెన్ సోమవారం తిరిగొచ్చి ఫోన్ చేస్తే నేను తెల్లారి జనగామ నుంచి బయలుదేరి వచ్చాను. పిల్లను తీసుకొని అడవికి పోయాను. బస్సుల్లో ఆ మూట ఒళ్ళోంచి దించలేదు. వాగు దాటాక నాకంటే ముందు ఉరికింది. గుంపు లేదు. గుడిసెలు విప్పిన గుంటలు, పొయ్యిల బూడిద, ఒక చిరిగిన చాప. బడి పాక గుంజలు కూడా పీకుకుపోయారు. పిల్ల వాళ్ళ గుడిసె ఉన్న చోట నిలబడి "అవ్వా" అని అరిచింది. ఆ పిల్ల అరవగా నేను వినడం అదే మొదటిసారి. అరిచి అరిచి గొంతు పోయింది. నేను పక్కన కూర్చుని ఏడ్చాను. ఓదార్చాల్సినదాన్ని, నాకు చేతకాలేదు.

నది ఒడ్డు దాకా కూడా పోయాం. పడవల వాళ్ళు ఏవో చెప్పారు. అటు పోయినవాళ్ళు ఎటు పోయారో ఎవరికీ తెలియదు.

పిల్ల హాస్టల్‌కు తిరిగి వచ్చింది. పోవడానికి ఇంకో చోటు లేదు. చదివింది, బాగానే చదివింది. తన తల్లి తనను వెతుక్కుంటూ మళ్ళీ వస్తుందని దానికి గట్టి నమ్మకం. అందుకే సెలవులకు నేను మా ఇంటికి రమ్మంటే మొదట్లో వచ్చేది కాదు. "అవ్వ వస్తే ఎట్ల టీచర్?" అనేది. గేటు కనబడే కిటికీ దగ్గరి మంచం అడిగి తీసుకుంది. మిర్చి తెంపే కాలం వచ్చిందంటే మాత్రం నాతో బయలుదేరేది. అవతలి నుంచి కూలికి వచ్చే గుంపులు ఎక్కడ దిగితే అక్కడికి పోయి, చేను గట్ల మీద తిరిగి అడిగేవాళ్ళం. కొందరు మాట్లాడేవాళ్ళు, కొందరు మమ్మల్ని చూసి తల తిప్పుకునేవాళ్ళు. పిల్ల ప్రతిసారీ ఒకే మాట చెప్పేది, "అవ్వ గూడ నన్ను ఎతుకుతనే ఉంటది. ఎన్నడన్న ఒకనాడు ఎదురుపడుతం." నేను అవునవును అనేదాన్ని.

ఈ ఏడు అది పదో తరగతి. మొన్న సంక్రాంతి సెలవులు కాగానే, పరీక్షల చదువు మొదలుకాక ముందే, భూపాలపల్లి దిక్కు ఒక చేనులో కూలీలు దిగారని తెలిసి పోయాం. మిర్చి కుప్ప దగ్గర ఒక ముసలామె తాలుకాయలు ఏరుతూ ఉంది. పిల్లను చూసి చేతిలో కాయలు వదిలేసింది. పాత గుంపు మనిషే. పిల్ల ఎదురుగా కూర్చుని మాట కలిపింది. ముసలామె చెప్పేది దానికి అర్థమవుతూనే ఉంది. తిరిగి అడగబోతే మాత్రం మాట మాటకూ తడుముకుంది. మధ్యలో తెలుగు వచ్చింది, లంబాడీ వచ్చింది. ఒకప్పుడు నాకు ఆ భాషంతా విప్పి చెప్పిన పిల్ల. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

ముసలామె చాలాసేపు చెప్పింది. చేను దాటి రోడ్డు మీదికి వచ్చి, బస్సు కోసం నిలబడ్డాక పిల్ల నాకు చెప్పింది.

తల్లి నది దాటి పాత ఊరికే పోయిందట. అక్కడ ఆరునెల్లో, ఏడాదో ఉందట. తర్వాత అక్కడ మళ్ళీ గొడవలై, అందరూ చెట్టుకొకరు పుట్టకొకరు అయ్యారట. ఇప్పుడెక్కడుందో, ఉందో లేదో ఆ ముసలామెకు తెలియదు. కానీ ఊరు విడిచే ముందు ఆమె ఒక పని చేసిందట. వాళ్ళలో చనిపోయినవాళ్ళకు ఊరి బయట ఒక నిలువు రాయి పాతుతారు. శవం దొరకకపోయినా పాతుతారు. పాతిన తర్వాత వాళ్ళ కోసం దిగులు పెట్టుకోరు, ఎదురుచూడరు. పోయినవాళ్ళను ఇక్కడ పట్టి ఉంచకూడదంటారు. భర్తకు ఎప్పుడో పాతిన రాయి పక్కనే, ఆ తల్లి కూతురికి కూడా ఒక చిన్న రాయి పాతిందట.

బస్సు వచ్చింది. నేను ఎక్కమన్నాను. పిల్ల ఎక్కలేదు. ఏడవడం లేదు, నా మొహంలోకే చూస్తున్నది.

"అవ్వ నన్ను ఎతుకుతలేదు టీచర్" అంది. "నేనే, ఇన్నేండ్లు ఎతుకుతున్నది అనుకున్న."